ఆపవద్దు అన్న తెర

"మీ కోత నంబర్లు ఈ కొట్టు దాటి బయటికెలా వెళ్ళాయి?"

డిటెక్టివ్ ఈ మాట అడగడం పొద్దుటినుంచి ఇది అయిదోసారి. తాళాల మేస్త్రి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, అయిదోసారి కూడా అదే జవాబు చెప్పాడు.

"వెళ్ళలేదండీ."

"మరి మూడిళ్ళ తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయా?"

"నాకేం తెలుసండీ."

గోడ గడియారంలో పది దాటి పది నిమిషాలైంది. ఇన్‌స్పెక్టర్ పెట్టిన గడువు పన్నెండు. పన్నెండు కొట్టేసరికి వేరే దొంగ పేరు చెప్పకపోతే మేస్త్రి అల్లుణ్ణి బేడీలు వేసి తీసుకుపోతానన్నాడు. పారిపోకుండా అప్పుడే ఒక కానిస్టేబుల్‌ని గుమ్మం దగ్గర స్టూలేసి కూర్చోబెట్టాడు కూడా.

ఇన్‌స్పెక్టర్ లెక్క పైకి చక్కగానే ఉంది. ఈ వారంలో మూడిళ్ళు దోచారు. సోమవారం పదకొండుంబావుకి ఒకటి, బుధవారం పదకొండున్నరకి ఒకటి, గురువారం పదకొండూ ఇరవైకి ఒకటి. తలుపు చప్పుడు విన్న పక్కిళ్ళవాళ్ళు చెప్పిన టైములివి. మూడూ పట్టపగలే, మూడూ ఇంట్లో ఎవరూ లేనప్పుడే. ఏ తలుపు మీదా గీత పడలేదు. మూడు తాళాలూ ఈ కొట్టువాళ్ళు బిగించినవే. తాళంచెవికి ఏ పన్ను ఎంత లోతు కోయాలో చెప్పే అంకెలనే ఈ కొట్లో కోత నంబరంటారు. అది చేతిలో ఉంటే తాళంచెవి చూడకుండానే ఎక్కడైనా కోసుకోవచ్చు. ఆ నంబర్లు మేస్త్రికి తెలుసు, అల్లుడికి తెలుసు. మేస్త్రికి మోకాళ్ళ నొప్పులు, ఆ మేడల మెట్లెక్కలేడు. ఇక మిగిలిందెవరు?

డిటెక్టివ్‌ని పిలిపించింది మేస్త్రి కూతురు. మూడు రోజులుగా తిరుగుతున్నాడు. నిజం చెప్పాల్సిన మనిషేమో నీళ్ళు నములుతున్నాడు. తన అల్లుడి మెడకు ఉరి బిగుస్తుంటే నోరు విప్పని మామగారిని డిటెక్టివ్ తన పనిలో ఇంతకు ముందు చూడలేదు. విసుగొచ్చి కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

అల్లుడు కిటికీ పక్కన బల్ల దగ్గర ఆకురాయితో పాత తాళమేదో అరగదీస్తున్నాడు. అరిగిన చోటే మళ్ళీ అరగదీస్తున్నాడు.

"గురువారం పదకొండూ ఇరవైకి నువ్వెక్కడున్నావు?"

"మేడ మీది వాటాకి తాళం బిగిస్తున్నానండీ."

"ఎవరు చూశారు?"

"తాళం చూసింది. ఇంటాయన నాకు తలుపప్పజెప్పి బజారుకెళ్ళాడు."

"నవ్వులాటగా ఉందా?"

"ఏడవమంటే ఏడుస్తానండీ. నిన్నంతా అదే పని."

డిటెక్టివ్ జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. అందులో చిటికెడు పసుపుపచ్చ పొడి ఉంది. నిన్న మూడిళ్ళ తాళాల్లోకీ భూతద్దం పెట్టి చూసి, సన్నటి సూదితో గీకి తెచ్చాడు.

"ఇదేమిటో చెప్పు."

అల్లుడు వేలి కొనతో అద్దుకుని వెలుగులో చూశాడు. "ఇత్తడి. కొత్తగా కోసిన తాళంచెవిని బ్రష్ పట్టకుండా దూర్చేశారు. ఈ పొడి లోపల పడితే ఆర్నెల్లకి తాళం బిగుసుకుపోతుంది. మా కొట్లో ఇట్లాంటి చెవి బయటికిస్తే మావయ్య వారం రోజులు నాతో మాట్లాడడు."

"ఇప్పుడేమో బ్రష్ పట్టినా మాట్లాడట్లేదు," అంది మేస్త్రి కూతురు కౌంటరు వెనకనుంచి. ఆమె తండ్రి వైపు చూడలేదు.

బ్రష్ పట్టడం ఈ కొట్లో చేతికి పట్టిన అలవాటని డిటెక్టివ్ పొద్దుటే గమనించాడు. అల్లుడు ఇందాక మూడు తాళంచెవులు కోశాడు. మనసెక్కడో ఉన్నా ప్రతి చెవినీ తీగల బ్రష్‌కేసి నాలుగుసార్లు తిప్పి, ఊది, అప్పుడే పక్కన పెట్టాడు. దొంగ వాడిన చెవులు కోసిన చెయ్యి ఇది కాదు. కానీ ఇన్‌స్పెక్టర్‌కి పొడి చూపిస్తే పకపకా నవ్వుతాడు.

"నంబర్లు ఎక్కడ దాస్తారు?"

"వెనక గది కంప్యూటర్లో," అన్నాడు అల్లుడు. "కోత మిషను దానికే తగిలించి ఉంటుంది. నంబరు కొడితే మిషను కోస్తుంది. ఇప్పుడది పాడైందిగా. ఈ మధ్య పాత చేతి మిషను మీదే లాక్కొస్తున్నాం."

"ఎప్పుడు పాడైంది?"

అల్లుడు మామ వైపు చూశాడు. మేస్త్రి నేల వైపు చూశాడు.

"నెలైంది," అన్నాడు మేస్త్రి. "దాన్ని ముట్టుకుని లాభం లేదండీ. ప్రాణం లేదు దానికి."

వెనక గది రెండు మంచాలు పట్టేంత ఉంది. ఒక గోడకు కోత మిషను, పక్కనే బల్ల మీద కంప్యూటర్. దాని పెట్టెకీ తెరకీ కలిపి పాత బొంత ఒకటి కప్పి ఉంది. పోయిన మనిషి మీద కప్పినట్టు కాళ్ళదాకా లాగి కప్పారు. డిటెక్టివ్ బొంత తీయలేదు. ముందు దాని మీద అరచెయ్యి ఆనించాడు.

వెచ్చగా ఉంది.

చెవి ఆనించి విన్నాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది.

"మేస్త్రీ," అని కేకేశాడు. "ప్రాణం లేనిదానికి జ్వరం వచ్చింది, రండి."

ముగ్గురూ గుమ్మంలోకి వచ్చారు. మేస్త్రి అందరి వెనక నిలబడ్డాడు. డిటెక్టివ్ ఆయన్ని అప్పుడే ఏమీ అడగలేదు. కోత మిషను మీదికి వంగాడు. దాని బిగింపులో ఒక తాళంచెవి సగం కోసి వదిలేసి ఉంది. అయిదు పళ్ళు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి. మిషను కొక్కేనికి పని చీటీ వేలాడుతోంది.

"ఇది పోయిన వారం మంగళవారం చీటీ. అంటే పదకొండు రోజులు. నెలైందన్నారు." అల్లుడి వైపు తిరిగాడు. "మీ మావయ్య ఎప్పుడైనా సగం కోసి వదిలేస్తాడా?"

"మావయ్యా?" అల్లుడు తల అడ్డంగా ఊపాడు. "కొంపంటుకున్నా చివరి పన్ను కోసి, బ్రష్ పట్టి, అప్పుడు నీళ్ళు పోస్తాడండీ."

"మరి ఆ మంగళవారం ఏ కొంపంటుకుంది?"

కూతురు సగం కోసిన చెవి వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ రోజు లోపల్నుంచి అంబులెన్స్ కూతలాంటిది వినపడింది. మిషనుదే అనుకున్నాను. తలుపు తట్టాను. 'పని మధ్యలో ఉంది, రావద్దు' అన్నారు. పదిన్నర దాటాక వెళ్ళిన మనిషి పన్నెండున్నరకి గాని బయటికి రాలేదు. లోపల ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. వచ్చాక మిషను పాడైందన్నారు. ఈ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు."

"మీ ఫోనివ్వండి మేస్త్రీ."

"ఎందుకండీ."

"అల్లుడు కావాలా, పరువు కావాలా? తేల్చుకోడానికి ఇక గంటన్నరే ఉంది."

మేస్త్రి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. చేతికివ్వలేదు. డిటెక్టివ్ అందులో కాల్స్ జాబితా వెనక్కి జరుపుకుంటూ చూశాడు. మంగళవారం, పదీ నలభై ఆరు. పేరు లేని నంబరు. గంటా నలభై ఏడు నిమిషాలు.

మేస్త్రి మిషను పక్కనున్న ఎత్తు పీట మీద కూలబడ్డాడు.

"పాత తాళం ఒకటొచ్చిందండీ రిపేరుకి. మిషను చెవి కోస్తుంటే, ఈలోగా దాని బొమ్మేదన్నా దొరుకుతుందేమోనని ఇంటర్నెట్లో వెతుకుతున్నాను. ఎక్కడ నొక్కానో ఏమో, తెరంతా ఎర్రగా అయిపోయింది. ఒకటే కూత. మీ కంప్యూటర్లో వైరస్ దూరింది, మీ ఫైళ్ళన్నీ దొంగలు పట్టుకుపోతున్నారు, కంప్యూటర్ ఆపవద్దు, అయిదు నిమిషాల్లో ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని. బాణం గుర్తు కదలదు. పేజీ మూతపడదు. ఫైళ్ళంటే ఏమిటండీ? మూడొందల ఇళ్ళ నంబర్లు. నా గుండె జారిపోయింది."

"ఫోన్ చేశారు."

"చేశాను. ఎంత మర్యాదండీ అతనికి. మేస్త్రిగారూ, మేస్త్రిగారూ అంటూ. ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించమన్నాడు, ఎక్కించాను. తొమ్మిదంకెలు కనపడతాయి చదవమన్నాడు, చదివాను. బాణం గుర్తు దానంతటదే తిరగడం మొదలెట్టింది. నేనే చూసుకుంటాను, మీరు కూర్చోండి అన్నాడు. పెద్దవాళ్ళకి ఉచితం అన్నాడు. పైసా అడగలేదండీ. అడిగుంటే అనుమానపడేవాణ్ణి."

డిటెక్టివ్ పళ్ళు కొరికాడు. కోపం ఈయన మీదో, ఆ మర్యాదస్తుడి మీదో తెలియలేదు.

"తెర మీద ఫోన్ నంబరుందన్నారు చూడండి, అక్కడే పట్టుకోవాల్సింది. నిజమైన హెచ్చరిక ఏదీ ఫోన్ నంబరివ్వదు. కంప్యూటర్ తయారుచేసినవాడికి మీ గదిలో ఏముందో తెలియదు, తెలిసినా వాడు కూత పెట్టి పిలవడు, అయిదు నిమిషాల గడువు పెట్టడు. అది వైరస్ కాదు మేస్త్రీ. ఉత్త పేజీ. గోడకి అంటించిన సినిమా బొమ్మ లాంటిది. తెరంతా కప్పేసి, మీ గుండె జారేలా కూత పెడుతుంది, అంతే. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకుంటే తెర చిన్నదయ్యేది, మూసేసేవాళ్ళు. అదీ కాకపోతే పవర్ బొత్తాం నొక్కిపట్టి ఆపేస్తే సరిపోయేది. మళ్ళీ పెట్టినప్పుడు పాత పేజీలు తెరవమంటావా అని అడిగితే వద్దనాలి. ఏ ఫైలూ పోయేది కాదు. మీరు ఫోన్ చేసేదాకా వాడు బయటే ఉన్నాడు. తలుపు తీసింది మీరు."

"ఆపవద్దని రాసుందండీ."

"వాడు రాస్తే మీరు నమ్మారా?"

"వాడు రాసినందుకు కాదు." మేస్త్రి మొదటిసారి తలెత్తాడు. "ముప్పై ఎనిమిదేళ్ళుగా నేనే అందరికీ చెబుతున్నానండీ ఆ మాట. మిషను తిరుగుతుండగా కరెంటు ఆపవద్దు. ఆపితే కోత ముల్లు చెవిలో ఇరుక్కుపోతుంది, మళ్ళీ సరిచెయ్యడానికి పూట పడుతుంది. వీడు పనిలో చేరిన మొదటి రోజు నేర్పిందే అది. తెర మీద నా మాటే నాకు కనపడింది. ఎవరో పనితెలిసినవాడు చెప్పినట్టే అనిపించింది."

అల్లుడు తల దించుకున్నాడు. ఆ మాట కోసం అతను తిన్న తిట్లు అతనికి గుర్తొచ్చి ఉంటాయి.

"సోమవారం మొదటి దొంగతనం అవగానే మీకు తెలిసిపోయింది," అన్నాడు డిటెక్టివ్.

"అనుమానమొచ్చింది."

"గురువారానికి అనుమానం తీరిపోయుంటుంది. అయినా అల్లుణ్ణి పట్టుకుపోతానంటే నోరు విప్పలేదు."

మేస్త్రి గోడ వైపు చూపించాడు. ఈ కొట్లో తాళం చేయించుకున్న ప్రతివాళ్ళకీ చెవులతో పాటు ఒక అచ్చు కాగితం ఇస్తారు. దాన్నే ఒకటి గోడకి అంటించారు. పిలవకుండా వచ్చినవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా తలుపు తీయకండి, అని ఉంది అందులో.

"అది రాయించింది నేనండీ," అన్నాడు మేస్త్రి.

కూతురు గోడ మీది కాగితం మళ్ళీ చదివింది. ముందు గదిలోంచి బూట్ల చప్పుడు వినపడింది. పదకొండూ అయిదు. ఇన్‌స్పెక్టర్ చెప్పిన టైముకి యాభై అయిదు నిమిషాలు ముందే వచ్చేశాడు.

"ఏం నత్తగారూ, గుమ్మం దాటి వెనక గదిదాకా పాకారే. మూడు రోజుల్లో మంచి దూరమే."

డిటెక్టివ్‌ని స్టేషన్లో అందరూ నత్త అనే అంటారు. అతనికి ఆ పేరు మీద కోపం లేదు. ఇన్‌స్పెక్టర్ నోట్లోంచి వచ్చినప్పుడు మాత్రం చెవిలో ఇసుక పోసినట్టుంటుంది.

"పన్నెండన్నారు."

"పన్నెండుకి కోర్టులో ఉండాలి. పద రా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ అల్లుడితో.

"పది నిమిషాలు వినండి."

"అయిదు."

డిటెక్టివ్ జరిగింది చెప్పాడు. ఇత్తడి పొడి చెప్పాడు, సగం కోసిన చెవి చెప్పాడు, ఫోను చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ గోళ్ళు చూసుకుంటూ విన్నాడు.

"బాగుంది. ఎవడో దూరంగా కూర్చుని నంబర్లు దొబ్బాడు. ఒప్పుకుంటాను. ఏ నంబరు ఏ ఇంటిదో వాడికెవడు చెప్పాడు? మేస్త్రీ, ఆ జాబితాలో పేరుందా?"

"లేదండీ. అడ్రసు కూడా ఉండదు. నంబరు, కోసిన తేదీ, కోసిన టైము. పేర్లు పుస్తకంలో రాస్తాను. పుస్తకం నా తలకిందే ఉంటుంది."

"విన్నారా? పుస్తకం చూడగలిగింది ఇంట్లోవాళ్ళే." ఇన్‌స్పెక్టర్ అల్లుడి భుజం మీద చెయ్యేశాడు. "నీ మామగారే నిన్ను పట్టిచ్చాడు."

డిటెక్టివ్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. ఈ ముడి దగ్గరే పొద్దుట తనూ ఆగిపోయాడు. అప్పుడు అడగని ప్రశ్న ఇప్పుడు తట్టింది.

"అమ్మాయీ, తాళం బిగించడానికి ఇతను ఏ ఇంటికెళ్ళాలో ఎవరు చెబుతారు?"

"నేనే," అంది కూతురు. "ఫోనొచ్చినప్పుడు నా కంప్యూటర్లో రాసుకుంటాను. రెంటికీ తీగ ఉంది. అది వెనకదాంట్లో కూడా కనపడుతుంది. మిషను బాగున్నప్పుడు ఈయన పొద్దున్నే అక్కడే చూసుకునేవాడు."

డిటెక్టివ్ బొంత లాగేశాడు. తెర బొత్తాం నొక్కాడు. తెర వెలిగింది. కోత నంబర్ల జాబితా ఒక పక్క, బిగింపు జాబితా ఒక పక్క తెరిచి పెట్టాడు.

"ఇటు రండి ఇన్‌స్పెక్టర్‌గారూ. కోత నంబరు, ఆరో తేదీ, తొమ్మిదీ పది నిమిషాలు. బిగింపు, ఆరో తేదీ, తొమ్మిదిన్నరకి బయల్దేరాలి, ఫలానా వీధి, ఫలానా తలుపు నంబరు. ఏ చెవి ఏ ఇంటిదో తెలియడానికి పుస్తకమెందుకు? రెండు టైములు పక్కపక్కన పెడితే చాలు."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. రెండు వరసల మీదా వేలు పెట్టి పోల్చుకున్నాడు.

"ఇంకోటి చూడండి. చివర గళ్ళో ఏం రాసుందో."

కూతురు పైకి చదివింది. "సోమవారం దోచిన ఇల్లు... 'పదకొండు తర్వాత ఇంట్లో ఎవరూ ఉండరు, ముందే వెళ్ళాలి.' బుధవారం ఇల్లు... 'పదకొండుంబావుకి బడికెళ్ళి పిల్లల్ని తెచ్చుకుంటారు.' నేనే రాశాను. ఈయన తాళం వేసిన తలుపు చూసి తిరిగి రాకూడదని."

"దొంగకి కూడా అదే కావాలి," అన్నాడు డిటెక్టివ్.

"సరే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో మునుపటి బింకం లేదు గానీ వదలలేదు. "కథ బాగుంది. ఎక్కడో కూర్చున్నవాడు ఈ ఊళ్ళో తలుపెలా తీశాడు?"

"ఎక్కడో ఉన్నాడని ఎవరన్నారు?"

ఆ మర్యాదస్తుడు ఎక్కించమన్న సాఫ్ట్‌వేర్ ఇంకా అందులోనే ఉంది. తన రాకపోకలన్నీ తానే రాసి పెట్టుకుంటుంది. డిటెక్టివ్ ఆ చిట్టా తెరిచాడు. మొదటిది మంగళవారం. తర్వాత మూడే మూడు. సోమవారం పదకొండు గంటల పన్నెండు నిమిషాలు. బుధవారం పదకొండూ ఇరవై ఆరు. గురువారం పదకొండూ పదిహేడు.

"దొంగతనాలు ఎప్పుడెప్పుడు?" అని అడిగాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఆ టైములు నోటికొచ్చు. "పదకొండుంబావు, పదకొండున్నర, పదకొండూ ఇరవై." మధ్యలోనే ఆగిపోయాడు.

"మూడు నాలుగు నిమిషాల ముందు. జాబితా ఎప్పుడో ఎత్తుకుపోయినవాడు మళ్ళీ ఎందుకు తొంగిచూస్తాడు? రోజుకో మార్పు ఉంటుంది కాబట్టి. తాళం బిగించాక కూడా రిపేరుకనో ఇంకో చెవికనో ఇంటివాళ్ళు ఫోన్ చేస్తారు, ఈమె గడి దిద్దుతుంది. వాడు తలుపు దగ్గర నిలబడి, చేతిలో ఫోనుతోనే ఇందులోకొచ్చి, ఇంకా అదే రాసుందా అని ఒకసారి చూసుకుని, అప్పుడు చెవి దూరుస్తాడు."

"పదకొండు రోజులుగా ఇది ఆపకుండా ఎవరుంచారు?"

"నేనండీ," అన్నాడు మేస్త్రి. "శుభ్రం చెయ్యడానికి పదిహేను రోజులు పడుతుంది, నేను చెప్పేదాకా ఆపవద్దు అన్నాడు. తర్వాత అనుమానమొచ్చాక... ఆపితే ఇంకేం పోతుందోనని భయమేసింది. బొంత కప్పాను."

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. ఏమనబోయాడో గానీ, అల్లుడు చెయ్యెత్తి ఆపాడు. తెర వైపు చూపించాడు.

మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. బాణం గుర్తు కదులుతోంది.

అయిదుగురూ తెర దగ్గరికి జరిగారు. బాణం చిన్నగా, తొందరేం లేనట్టు, తెర మధ్యకొచ్చింది. బిగింపు జాబితా మీదికి వెళ్ళింది. కిందికి జారింది. ఒక వరస దగ్గర ఆగింది. ఆ గడిలో రాసింది పెద్దదయింది. 'పదకొండుంబావు తర్వాత ఎవరూ ఉండరు.'

గడియారంలో పదకొండూ ఇరవై నాలుగు.

"తలుపు నంబరు చదవండి," అన్నాడు డిటెక్టివ్. "ఎవరిదీ ఇల్లు?"

ఇన్‌స్పెక్టర్ చదవలేదు. తెరకి మరింత దగ్గరగా వంగాడు.

"మీ ఆవిడే అనుకుంటానండీ ఫోన్ చేసింది," అంది కూతురు. "పోలీసువారిల్లని చెప్పలేదు."

"నాది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మామూలుగా ఆ టైముకి ఎవరూ ఉండరు. ఇవాళ మా అమ్మ ఉంది. పొద్దున్నే వచ్చింది. లోపలి గదిలో పడుకుంది." ఫోను తీసి నొక్కాడు. మోగుతోంది. "ఎత్తదు. అమ్మకి వినపడదు."

ఇల్లు ఖాళీ అనుకుని వచ్చిన దొంగకి లోపల మనిషి ఎదురైతే ఏం చేస్తాడో ఆ గదిలో ఎవరూ పైకి అనలేదు.

"బండి మీద ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు."

"వాడు లోపల గడియ పెట్టుకుంటే మీరు బద్దలుకొట్టాలి," అన్నాడు అల్లుడు. అప్పటికే పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. "ఆ తలుపు బిగించింది నేనే. అర నిమిషంలో విప్పుతాను."

ఇన్‌స్పెక్టర్ అతని వైపు ఒక్క క్షణం చూశాడు. జేబులో బేడీల మీదున్న చెయ్యి బయటికి తీశాడు. "ఎక్కు," అన్నాడు. ఇద్దరూ పరుగెత్తారు. కానిస్టేబుల్ స్టూలు తన్నుకుని వాళ్ళ వెనక పడ్డాడు.

బండి చప్పుడు దూరమైంది. తెర మీద బాణం గుర్తు ఇంకా అక్కడే ఉంది. వాడింకా గుమ్మం ముందే ఉన్నాడని డిటెక్టివ్ అనుకున్నాడు. వాణ్ణి పదకొండు నిమిషాలు అక్కడే కట్టెయ్యాలి. ఎలా?

"ఆపెయ్యనా?" అని అడిగాడు మేస్త్రి.

డిటెక్టివ్ తిరిగి చూశాడు. మేస్త్రి చెయ్యి గోడ మీది స్విచ్ దగ్గరుంది.

"ఆపితే వాడేం చేస్తాడు?" అన్నాడు డిటెక్టివ్, తనలో తనే అనుకుంటున్నట్టు.

"నాకు ఫోన్ చేస్తాడండీ. మొన్న కరెంటు పోయినప్పుడు చేశాడు. ఎందుకు ఆపారు మేస్త్రిగారూ అని, నన్నే తప్పు పట్టాడు."

డిటెక్టివ్‌కి మూడు రోజుల్లో మొదటిసారి ఈ ముసలాయన్ని కౌగిలించుకోవాలనిపించింది. "ఆపండి. ఫోనొస్తే ఎత్తండి. వాడు మిమ్మల్ని గంటా నలభై ఏడు నిమిషాలు కూర్చోబెట్టాడు. మీరు వాణ్ణి పదకొండు నిమిషాలు నిలబెట్టండి. ఏమీ తెలియనట్టు మాట్లాడండి. ఏ బొత్తాం నొక్కమన్నా వేరేది నొక్కండి."

మేస్త్రి స్విచ్ నొక్కాడు. ఫ్యాను ఊపిరి తీసి ఆగింది. తెర నల్లబడింది. పక్కన బిగింపులో మూడు పళ్ళ చెవి అలాగే ఉంది.

అర నిమిషం గడిచింది. ఫోన్ మోగింది.

మేస్త్రి చొక్కా సర్దుకుని ఎత్తాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"మేస్త్రిగారూ, నమస్కారం. ఎందుకండీ కంప్యూటర్ ఆపారు? ఆపవద్దన్నానుగా." మర్యాదైన గొంతు. తొందర లేదు.

"నేను ఆపలేదు బాబూ, అదే పోయింది. ఏదో ఎర్రగా వచ్చింది. నాకు భయమేస్తోంది. ఏం నొక్కమంటావు? పచ్చదా, ఎర్రదా? కాస్త ఉండు బాబూ, కళ్ళజోడు కనపడట్లేదు."

"పరవాలేదు మేస్త్రిగారూ, నిదానంగానే. ముందు స్విచ్..."

ఆ గొంతు వెనకనుంచి మరో గొంతు వినపడింది. చెవులు వినపడనివాళ్ళు మాట్లాడినట్టు, గట్టిగా, ముసలి గొంతు.

"ఎవరు బాబూ నువ్వు? తాళం వేసున్న తలుపు ఎలా తీశావు? మా అబ్బాయి పంపించాడా?"

ఫోన్లో మర్యాదైన గొంతు ఆగిపోయింది. డిటెక్టివ్ గడియారం చూశాడు. బండి బయల్దేరి రెండు నిమిషాలే అయింది.

"బాబూ," అన్నాడు మేస్త్రి, ఫోను రెండు చేతులతో పట్టుకుని. "పెట్టెయ్యకు బాబూ. నాతో మాట్లాడు. కళ్ళజోడు దొరికింది."